కొవ్వూరు నుంచి తెచ్చిన పాస్‌వర్డ్

రాజమండ్రిలో ఎరువులు, విత్తనాలు అమ్మే ఒక కంపెనీలో నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగంలో చేరాను. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఇంజనీరుగారు వెళ్లిపోయి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. వెళ్లిపోయారనడం కంటే పంపేశారనడం నిజం. రామచంద్రపురం డిపో లైను మాటిమాటికీ పడిపోయేది. ఆయనే కావాలని తీసేస్తున్నాడని మేనేజరుగారికి అనుమానం. ఒక మధ్యాహ్నం ఉన్నపళంగా లేవమన్నారు, తాళాలు తీసుకున్నారు. డిపోలన్నిటినీ ఆఫీసుతో కలిపే రౌటర్ పాస్‌వర్డ్ అడగాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ సంగతి సరిగ్గా నాట్ల రోజుల్లో బయటపడింది. నిడదవోలులో కొత్త డిపో తెరుస్తున్నాం, కలపమన్నారు మేనేజరుగారు. కేబుల్ ఒక కొస కంప్యూటర్‌కి, రెండో కొస రౌటర్‌కి తగిలించాను. నల్లటి తెర మీద అక్షరాలు వచ్చాయి. మామూలు వివరాలు చూడనిస్తోంది గానీ, ఏదైనా మార్చబోతే పాత ఇంజనీరుగారికే తెలిసిన రెండో పాస్‌వర్డ్ అడుగుతోంది.

"ఆపి ఆన్ చేస్తే ఆ పాస్‌వర్డ్ తీసెయ్యొచ్చంట కదమ్మా?" అన్నారు మేనేజరుగారు.

"తీసెయ్యొచ్చండి. కానీ రామచంద్రపురం పోతుందేమోనని భయంగా ఉంది."

ఆయనకి అర్థం కాలేదు. రౌటర్‌కి మనం ఏం చెప్పినా వెంటనే చేస్తుంది. కానీ సేవ్ చెయ్యమని విడిగా చెబితేనే గుర్తుంచుకుంటుంది. లేకపోతే ఆపిన మరుక్షణం మర్చిపోతుంది. ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోందో చూపించమని 'షో వెర్షన్' అని కొట్టి చూస్తే, రామచంద్రపురం డిపో తెరవకముందు నుంచీ ఆ పెట్టె ఒక్కసారీ ఆగలేదని తెలిసింది. అంటే ఆ డిపోకి వేసిన దారి సేవ్ అయిందో లేదో తేలే సందర్భమే రాలేదు. పోతే మళ్లీ కట్టడానికి వివరాలు మా దగ్గర లేవు. అక్కడేమో యూరియా కోసం రైతులు పొద్దున్నే వచ్చి నిలబడుతున్నారు. లైను లేకపోతే బిల్లు రాదు, బిల్లు లేకపోతే బస్తా కదలదు.

"పాత ఇంజనీరుగారిని అడుగుదామండి," అన్నాను.

"వాడి గడప మేం తొక్కం. నువ్వెళ్తానంటే నీ ఇష్టం. వాణ్ణి మాత్రం ఆఫీసులోకి తేవద్దు," అన్నారు.

మర్నాడు బస్సెక్కి బ్రిడ్జి దాటి కొవ్వూరు వెళ్లాను. గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. కిటికీ పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆయన ఉద్యోగంలో నేను కూర్చున్నాను, ఆయన సాయం అడగడానికి ఆయన ఇంటికే వెళ్తున్నాను.

తలుపు ఆయన భార్య తీసింది. ఎక్కణ్ణించి వచ్చానో చెప్పగానే ఆవిడ ముఖం గట్టిపడింది.

"ఇంకా ఏంటండీ? సంచీ కూడా వెతికారు కదా, ఏం దొరికిందంట? అన్నం కేరేజీ మూత కూడా తీసి చూశారంటండి, అందరి ముందూ."

ఆ సంగతి నాకు తెలియదు. తెలియదన్నా నమ్మేలా లేదు. ఇంతలో లోపల్నించి ఇంజనీరుగారు వచ్చారు. సన్నగా, నెరిసిన గెడ్డంతో ఉన్నారు. నా మాట సగంలో ఉండగానే, "రీబూట్ చేశారా?" అని అడిగారు.

"లేదండి."

"బతికించారు. కూర్చోండమ్మా." ఆయనా అరుగు మీద కూర్చున్నారు. "రామచంద్రపురం రూటు సేవ్ అవలేదండి. లైను పడిపోతోంటే రోజూ ఏదో ఒకటి మార్చి చూసేవాణ్ణి. కుదిరాక సేవ్ చేద్దామనుకున్నాను. ఈలోగా లేవమన్నారు."

"అయితే పోనివ్వండి!" అంది ఆవిడ. "మీరెందుకు చెప్పాలి? పోతే అప్పుడు తెలుస్తుంది వాళ్లకి."

ఆయన కూడా వద్దంటే ఏమీ అనకుండా లేచి వచ్చేద్దామనే అనుకున్నాను.

"పోతే రైతులకి తెలుస్తుంది, వాళ్లకేం తెలుస్తుంది," అని పాస్‌వర్డ్ చెప్పారు. అది వాళ్ల పాప ముద్దుపేరు.

ఆవిడ ఉలిక్కిపడింది. "మన పిల్ల పేరా? ఆ కంపెనీలో పెట్టారా?" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా వైపు తిరిగి, "తీసెయ్యండి, తల్లీ. ముందు అది తీసెయ్యండి," అంది.

"ఎలాగూ తీసెయ్యాలి," అన్నారాయన. "నలుగురూ చూస్తుండగా మార్చండమ్మా. రేపు మళ్లీ లైను పడితే, పాస్‌వర్డ్ తెలిసినవాణ్ణని నా మీదికే వస్తుంది."

తిరిగొచ్చి మేనేజరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేరు కొట్టాను. లోపలికి వెళ్లగానే మొదట ఉన్నదున్నట్టు సేవ్ చేశాను. తర్వాత కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. అప్పుడు నిడదవోలు కలిపాను. "అయిపోయిందిగా, దీనికింత చేశావేంటి," అన్నారు మేనేజరుగారు. పాత ఇంజనీరుగారి గురించి ఒక్క మాట అడగలేదు.

వానలు ముదిరాక రామచంద్రపురం మళ్లీ పడింది. లేచింది, మళ్లీ పడింది. మా వైపు ఏ తప్పూ కనబడకపోయేసరికి టెలిఫోన్ వాళ్ల వెంట పడ్డాను. వాళ్లు దారిలో ఒకచోట తవ్వితే కేబుల్ జాయింట్‌లో నీళ్లు దిగి ఉన్నాయి. అది మార్చాక లైను నిలబడింది.

"పాత ఇంజనీరుగారి తప్పేం లేదండి," అన్నాను మేనేజరుగారితో.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అని ఆయన కాగితాలు సర్దుకున్నారు.

కొవ్వూరుకి ఫోన్ చేసి ఇంజనీరుగారికి చెప్పాను. "నీళ్లు దిగుంటాయని అప్పుడే చెప్పానండి. ఎవరూ వినలేదు," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "విశాఖపట్నంలో ఒకచోట ఉద్యోగానికి వెళ్లానమ్మా. రాజమండ్రిలో ఎందుకు మానేశారని అడుగుతున్నారు. ఇదే మాట వాళ్లకొకసారి చెబుతారా?" అని అడిగారు.

ఎవరినీ అడక్కుండా చెప్పాను. ఆయనకి ఆ ఉద్యోగం వచ్చింది. ఎలా తెలిసిందో గానీ మేనేజరుగారికీ తెలిసింది.

"ఎవర్నడిగి చెప్పావు?" అన్నారు.

"జరిగిందే చెప్పానండి."

ఆ తర్వాత ఆయన నాతో నేరుగా మాట్లాడడం మానేశారు. ఏ పనైనా గుమాస్తాతో చెప్పించేవారు. నేను సర్వర్ గదిలో ఉంటే ఎవరో ఒకరు వచ్చి ఊరికే గుమ్మంలో నిలబడేవారు. ఏం కొడుతున్నానో వాళ్లకి తెలియదు, అయినా తెర వంక చూస్తూ ఉండేవారు. కోతలు మొదలయ్యేనాటికి కాకినాడలో వేరే ఉద్యోగం వెతుక్కుని మానేశాను. వెళ్లే రోజున గుమాస్తా ఒక్కడే గేటు దాకా వచ్చాడు.