పెంకుల కింద యాంటెన్నా

2023 వేసవి. సూర్యాపేట జిల్లా మోతె దగ్గర మా ఊళ్లో పాల సేకరణ కేంద్రం నేనే నడిపేదాన్ని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, ఆ చదువుతోనే ఈ పని దొరికింది. కేంద్రం ఊరి నడుమ స్లాబు హాల్లో ఉండేది. పాలలో ఫ్యాట్, అంటే వెన్న శాతం, ఎంతుందో చూసి రాయడం నా పని. మా వాడ ఆడవాళ్లు ఆ హాల్లో ఎప్పుడూ అందరి తర్వాతే పోసేవాళ్లు.

ఆ ఏడు డెయిరీ పాలు పరీక్షించే కొత్త మిషన్ ఇచ్చింది. దానికి జీపీఎస్ యాంటెన్నా ఉంటుంది. అగ్గిపెట్టెంత నల్ల డబ్బా, దానికో వైరు. ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని మిషన్ ఏ ఊళ్లో ఉందో అది చెప్పాలి. చెప్పకపోతే మిషన్ నడవదు. వారంలోగా నడవకపోతే కేంద్రం ఎత్తేస్తామని సూపర్‌వైజర్ చెప్పి వెళ్లాడు.

కోదాడ నుంచి టెక్నీషియన్ రమణ గారు వచ్చారు. బయట పెడితే కోతులు పీకేస్తాయి, కాబట్టి లోపలే చోటు వెతకాలి. బీరువా మీద పెడితే సిగ్నల్ రాలేదు. కిటికీలో పెడితే వస్తూ పోతూ ఉంది, పక్క మేడ అడ్డం.

"స్లాబు కింద కష్టమమ్మా. దగ్గర్లో పెంకుటిల్లు ఏదైనా ఉందా?" అన్నారాయన.

హాలు వెనక సందు దాటితే మా వాడ. మొదటి పెంకుటిల్లు మాదే. నడి ఇంట్లో దూలం మీద పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. పొయ్యి వైపు రేకు కప్పు కింద ఆరిపోయింది. దూలం మీద మాత్రం నిలిచింది.

"ఇక్కడే పెట్టేద్దామండీ," అన్నారు రమణ గారు, మాతో వచ్చిన ఊరి పెద్ద నర్సయ్య పటేల్‌తో. హాలు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన గడప బయటే నిలబడ్డాడు.

"గీడనా? గీ వాడకొచ్చి పాలెవరు పోస్తరు?"

"గిన్నేండ్లు నా చేతికే పోసిండ్రు గదా పటేలా."

"గదంటే హాలాయె. ఇల్లు వేరు." సందు వైపు చెయ్యి చూపాడు. "ఒక పని చెయ్యి మరియమ్మా. డబ్బా నీ ఇంట్ల ఉండనీ. వైరు సందు దాటిచ్చి, మిషిన్ హాల్లనే పెడదాం."

నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ పాలకు నా దూలం గావాలె, మీ కాళ్లకు నా గడప వద్దా?"

"గంత కోపమెందుకు? ఊరి మంచికే చెప్తున్న."

"మేం ఊర్ల లేమా?"

రమణ గారు వైరు చుట్ట పట్టుకుని నేల చూస్తున్నారు. "అంత దూరం లాగితే సిగ్నల్ పడిపోద్దండీ," అని మెల్లగా అన్నారు.

"పడకున్నా నేనియ్య. పెడితే రెండూ నా ఇంట్లనే. లేదంటే రెండూ తీస్కపోండ్రి," అన్నాను.

పటేల్ వెళ్లిపోయాడు. మిషన్ మా ఇంట్లోనే బిగించారు. మర్నాడు మా వాడ వాళ్లే వచ్చారు. ఊరి నుంచి మొదట వచ్చింది పటేల్ కోడలు. క్యాను గడప బయట పెట్టి, "జర లోపలికి తీస్కో," అంది.

"నువ్వే తీస్కరా బిడ్డా. మిషిన్ లోపలుంది."

ఆమె సందు ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, క్యాను ఎత్తుకుని లోపలికి వచ్చింది.

కేంద్రం నిలిచింది. పటేల్ ఇంటి పాలు ఇప్పటికీ కోడలే తెస్తుంది, ఆయన రాడు. యాంటెన్నాకు చోటు వెతకాలంటే ముందు పైకప్పు చూడాలని రమణ గారి దగ్గర నేర్చుకున్నాను. ఇంకొకటి నాకు నేనే నేర్చుకున్నాను. ఆ రోజు కోపం దిగమింగి ఉంటే నా ఇంట్లోంచి వైరు ఒక్కటే హాలుకు పోయేది, మా వాడ ఆడవాళ్లు మళ్లీ ఆ హాల్లో అందరి తర్వాతే పోసేవాళ్లు.