ఊ కొట్టిందెవరో

నా చిన్నప్పుడు కార్తీకమాసం వచ్చిందంటే మా ఇంటిల్లిపాదీ తెనాలిలో రైలెక్కి, బాపట్లలో దిగి, సముద్రపు ఒడ్డున ఉన్న సరుగుడు తోటలకు వనభోజనాలకు వెళ్ళేవాళ్ళం. ఇప్పుడక్కడ రిసార్టులు వచ్చాయి, లైట్లు వెలుగుతున్నాయి. ఆ రోజుల్లో మాత్రం పట్టపగలు కూడా తోట లోపల మసకగానే ఉండేది. సరుగుడు ఆకుల్లో గాలి దూరితే అచ్చం సముద్రపు హోరే. ఏది నీరో ఏది చెట్టో చెవికి తెలియదు. దారి తప్పినవాళ్ళు ఊరి వైపు పోతున్నామనుకుంటూ నీళ్ళ వైపు నడిచేవారట.

మా నాయనమ్మ పిరికిది కాదు గానీ కొన్ని పట్టింపులు ఉండేవి. తోటలో అడుగుపెట్టే ముందే పిల్లలందర్నీ నిలబెట్టి, "చెట్లల్లోంచి ఎవరు పేరెట్టి పిలిచినా పలకమాకండి. పిలిచేది మనవాళ్ళో కాదో తెలీదు," అని చెప్పేది. మేము బుద్ధిమంతుల్లా తలలూపేవాళ్ళం.

ఆ ఏడు మా బాబాయి నిధివేట అని కొత్త ఆట పెట్టాడు. బెల్లం జిలేబీలు నింపిన ఇత్తడి డబ్బా ఇసుకలో పాతి, దారి పొడుగునా చెట్లకు ఎర్ర పేలికలు కట్టి వచ్చాడు. ఇద్దరిద్దరుగా వెళ్ళి వెతకాలి. నాకు జత ఆయన కూతురు, ఆరేళ్ళ పెంకిపిల్ల, ఔనంటే కాదనే రకం. మా పిన్ని దాని చెయ్యి నా చేతిలో పెట్టి, "చెల్లి జాగ్రత్తమ్మా," అంది.

కొంతదూరం పోయాక రెండు వైపులా పేలికలు కనిపించాయి. నరకాల్సిన చెట్లకు కూలీలు కూడా ఎర్ర గుడ్డలే కడతారని బాబాయికే తెలియదు, ఇక మాకేం తెలుస్తుంది. నేను ఇటన్నాను, అది అటంది. వాదిస్తూనే చెయ్యి విడిపించుకుని చెట్ల వెనక్కి దూరింది. వెంటనే వెనకాలే వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు. ఎటు తిరిగినా ఒకే రకం చెట్లు, ఒకే రకం వరసలు. నాయనమ్మ పలకొద్దంది గానీ పిలవొద్దనలేదు కదా అని గొంతు చించుకుని పిలిచాను. హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఏడుస్తూ పేలికల వెంట వెనక్కి పరిగెత్తాను.

కబురు వినగానే పెద్దవాళ్ళంతా తోటలో పడ్డారు. దాని పేరు పెట్టి అరిచీ అరిచీ గొంతులు పోయాయి. కార్తీకపు పొద్దు తొందరగా వాలిపోతుంది. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక సముద్రం వైపు చూడసాగారు. దారి రెండుగా చీలిన చోట పిన్ని ఇసుకలో కూలబడిపోయింది. నా అరచేతిలో దాని వేళ్ళు ఇంకా ఉన్నట్టే అనిపిస్తోంది.

అప్పుడొచ్చింది నాయనమ్మ. "అరవమాకండిరా. పలకొద్దంది నేనే. అది నా మాట వింటోంది," అంది. పిన్ని పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చుని, రోజూ రాత్రి మాకు చెప్పే ఎండ్రకాయ కథ అందుకుంది. మాటమాటకీ ఆగితే మేము ఊ కొట్టాలి, అదీ మా ఇంటి అలవాటు.

"అనగనగా ఒక ఎండ్రకాయ. దానికి పెళ్ళి పిలుపొచ్చింది," అని ఆగింది.

చాలాసేపటికి నీళ్ళ వైపు నుంచి సన్నగా "ఊ" వినిపించింది. లేవబోయిన పిన్నిని నాయనమ్మ పట్టి ఆపింది.

"ఎండ్రకాయ నలుగు పెట్టుకుని తలంటు పోసుకుంది."

ఈసారి రెండు ఊలు వచ్చాయి. ఒకటి నీళ్ళ వైపు నుంచి, ఇంకోటి మా ఎడమ పక్క నుంచి. రెండూ మా చెల్లి గొంతే. అడుగేసిన బాబాయి ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు.

నాయనమ్మ గొంతు మాత్రం మారలేదు. "తలారబెట్టుకుని, ఎర్ర పట్టుచీర కట్టుకుంది," అంది. మా ఇంటి కథలో ఆ చీర ఎప్పుడూ పచ్చదే.

నీళ్ళ వైపు నుంచి "ఊ" అని వెంటనే వచ్చింది, ఎంతో బుద్ధిగా. ఎడమ పక్క కాసేపు ఏమీ లేదు. తర్వాత వెక్కుతూ, "ఎర్రది కాదు నాయనమ్మా, పచ్చది," అని వినిపించింది.

బాబాయి ఎడమకే పరిగెత్తాడు. మొగలిపొద వెనక మోకాళ్ళలో తల దాచుకుని కూర్చుని ఉంది. అందరూ పిలవడం విన్నదట, భయమేసి పలకలేదట. పిన్ని దాన్ని ఎత్తుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ మరిచిపోలేను. జిలేబీల మాట ఎవరూ ఎత్తలేదు.

బయటికి వస్తూ నీళ్ళ వైపు నుంచి వచ్చిన ఆ గొంతు ఎవరిదని నాయనమ్మను అడిగాను. గాలి అయ్యుంటుందిలే అంది. అయినా తోట దాటేదాకా ఎవరినీ వెనక్కి తిరిగి చూడనివ్వలేదు. రైల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "అన్నిటికీ ఊ అనేది మనది కాదే అమ్మాయ్. తప్పు చెబితే తప్పని ఏడ్చిందే, అదీ మన పిల్ల," అంది.

తర్వాత నా బతుకులో ఊ కొట్టేవాళ్ళు బోలెడంతమంది తగిలారు. నేనూ మనిషినే, విని మురిసిపోయాను. కానీ కష్టమొచ్చిన ప్రతిసారీ కాదన్నవాళ్ళ గడపే తొక్కాను.

మా చెల్లి ఇప్పుడు రేపల్లెలో ఉంటోంది. వయసు మీద పడి మనిషి మెత్తబడింది. ఫోనులో నేనేం చెప్పినా ఊ, ఊ అంటూ వింటుంది. అలా వరసగా వస్తుంటే నాకు ఉండబట్టదు. కావాలనే ఏదో ఒక తప్పు మాట చెబుతాను. అది "కాదక్కా" అనేదాకా ఫోను పెట్టను.