పచ్చదారం

సైదమ్మ నోటికి జడవని కూలీ గద్వాల చుట్టుపక్కల, కంపెనీలకు విత్తనం పండించే సీడ్ పత్తి చేలల్లో లేదు.

కేతేపల్లిలో పుట్టి ఇటు కోడలై వచ్చిన ఇరవై ఏళ్లుగా ఆమె చేసేది ఒకటే పని, పత్తిపూలకు పెళ్లి చేయడం. మధ్యాహ్నం దాటాక, రేపు విచ్చబోయే మొగ్గ పట్టుకుని రేకులు తీసి, లోపలి పుప్పొడి తిత్తులను గోటితో ఒలిచి, మిగిలిన కాడకు ఎర్రకాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి ఆ కాడకు రుద్ది, తొడిమకు దారం కట్టాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్క తిత్తి మిగిలినా ఆడచెట్టు తన పుప్పొడితో తానే కాయ కట్టేస్తుంది. ఆ గింజ మొలిస్తే తల్లి పోలికే తప్ప తండ్రి పోలిక మచ్చుకైనా ఉండదు.

ఇక్కడ తండ్రి పోలికే కావాలి. మట్టిలో బతికే ఓ సూక్ష్మజీవి నుంచి శాస్త్రవేత్తలు తీసి పత్తిలో పెట్టిన గుణం, కాయ తొలిచే పురుగును చంపే గుణం, ఈ రకంలో మగచెట్టుకే ఉంది. ఇంటర్ బైపీసీ చదివే కూతురు ప్రవళిక ఇదంతా పుస్తకం తెరిచి చెబితే సైదమ్మ మూతి విరిచింది.

"గింజల సగం తల్లిది, సగం తండ్రిది. గంతేగా? నా గోటికి ఎప్పుడో తెలుసు."

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఎనిమిదో ఏడు ఆమె తొలిసారి అరెకరం కౌలుకు పట్టి, తానే సీడ్ పత్తి వేసింది. కంపెనీ వాళ్లు కొన్ని గింజలు నాటి చూస్తారు. వేరే తీరు మొక్కలు వాళ్ల లెక్కకు మించితే పంటంతా వెనక్కి, సైదమ్మ మళ్లీ కూలికి. అందుకే మనిషికో రంగు దారం పంచింది. తప్పు ఎవరిదో తెలియాలి కదా. తనది పచ్చదారం. "కండ్లు నెత్తికెక్కినయా" అని ఆమె చేత తిట్లు తినని రంగు అదొక్కటే.

దసరా సెలవులకు వచ్చిన ప్రవళిక ఓ పొద్దున చేలో ఎర్రకాగితం తీసి ఆగిపోయింది.

"అమ్మా, గిది చూడు. రెండు తిత్తులు మిగిలినయి."

"ఎవ్వరి సాలే?"

ప్రవళిక సాలు వెంట చెయ్యి చూపింది. సాలు పొడుగునా కనిపిస్తున్నది పచ్చదారమే.

సైదమ్మ పువ్వును కంటి దగ్గరికి తెచ్చుకుంది. ఏమీ ఆనలేదు. చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటే తిత్తులు పసుప్పచ్చగా కనిపించాయి. సూదిలో దారం ఎక్కక పదిహేను రోజులైంది. అప్పుడు బల్బును తిట్టింది. ఇప్పుడు సిగ్గుతో చెవులు కాలాయి.

"కాయ కట్టినంక ఏది మంచిదో దేవునికి సుత తెల్వది" అన్నాడు భర్త హనుమంతు. "వేలల్ల పదో ఇరవయ్యో ఉంటయి. శాంపిల్ల దొరుకుతయా ఏంది? ఊకో."

"దొరకకపోతే ప్యాకెట్ల పోతయి. గా ప్యాకెట్ మా జానయ్య చేన్ల పడొచ్చు."

జానయ్య కేతేపల్లిలో ఉన్న ఆమె తమ్ముడు. రెండేళ్ల కింద అతను కొన్న పత్తి విత్తనం కలగలుపుగా మొలిచి సగం చేను పురుగుపాలైంది. ఆ విత్తనం చేసినోళ్ల చేతులు విరగాలని ఈ చేను గట్టు మీదే నిలబడి శపించింది సైదమ్మ.

ఆ పదిహేను రోజుల్లో పచ్చదారం కట్టిన కాయలన్నీ తుంచడం మొదలుపెట్టింది. మంచివీ వాటితోనే పోతున్నాయని తెలుసు. అయినా చెయ్యి ఆపలేదు. కాసేపు గట్టున ముఖం ముడుచుకుని కూర్చున్న హనుమంతు లేచి పక్క సాలు అందుకున్నాడు.

మధ్యాహ్నం మొగ్గలు ఒలిచేందుకు వచ్చిన కూలీలు గట్టు మీది కాయల కుప్ప చుట్టూ మూగారు.

"గివన్నీ నా తప్పులే. కండ్లద్దాలు వచ్చేదాక నేను మొగ్గ ముట్ట" అంది సైదమ్మ. "ఇగ తిట్టుడు మీ వంతు."

"కండ్లు నెత్తికెక్కినయా సైదక్కా" అంది అందరిలో పాత కూలీ గ్రేస్, మెల్లగా. సైదమ్మ తలొంచుకుని విన్నది.

పంట తగ్గింది గానీ, శాంపిల్ నెగ్గింది. కౌలు నిలిచింది. మరుసటి వానాకాలం జానయ్య ఫోన్ చేశాడు.

"అక్కా, ఈసారి చేనంత ఒక్క తీరుగున్నది. నీ చేతి గింజలేనేమో."

ఏ ప్యాకెట్ ఎవరి చేతిదో ఎవరికి తెలుసు? సైదమ్మ ముక్కు మీది అద్దాలు సర్దుకుంది.

"ఒక్క చెట్టన్న వేరే తీరున్నదా?"

"లేదక్కా."

"గట్టు మీదికెల్లి చూసి చెప్పకు. సాలెంబడి పోయి చూడు" అంది. "ఫోన్ పెట్టకు, నేనుంట."