వరహాలమ్మ ఆడిన అబద్ధం

వరహాలమ్మ నోరు మంచిది కాదని రాయపూర్ రైల్వే క్వార్టర్లలో పేరు. ఇక ముట్టు, మైల పట్టింపులు చెప్పనే అక్కర్లేదు. కోడలు సూరమ్మ నెలనెలా బయట చేరితే మూడు రోజులూ పెరటి వసారాలో చాప మీదే ఉండాలి. నీడ తగిలినా సరే, అత్తగారు తలమీంచి నీళ్లు పోసుకునేది. నిజం చెప్పాలంటే సూరమ్మకి ఆ మూడు రోజులే పండగ. వంట లేదు, అంట్లు లేవు. అయిదో తరగతి దాకా చదివిన పిల్ల కనక హాయిగా పుస్తకం పట్టుకునేది.

చిక్కంతా ఆ పుస్తకాలతోనే. అది తెల్లదొరల కాలం, నలభై రెండో సంవత్సరం. దేశం ఎవరిది, దొర చెప్పిందల్లా ఎందుకు వినాలి అని అడిగే పుస్తకాలను సర్కారు నిషేధించింది. ఇంజన్ల షెడ్డులో ఫిట్టరైన భీమారావు వాటిని తోటివాళ్ల దగ్గర తీసుకుని చాటుగా పెళ్లానికి తెచ్చిచ్చేవాడు. ఇంట్లో దొరికితే జైలు, ఉద్యోగం ఊడడం, సామాను వీధిన పడడం. అదే వరసలో ఉండే నూకరాజు గతి అంతే అయింది. వాడి పెళ్లాం పిల్లలు ప్లాట్‌ఫారం మీద పడుకున్నారు.

"ఆలోసించడానికి దొరలున్నారు, మీకెందుకురా?" అని వరహాలమ్మ కొడుకుని తిట్టేది. పుస్తకాలు పొయ్యిలో పెడతానని కోడల్ని బెదిరించేది.

ఓ పొద్దున్న భీమారావు డ్యూటీకి వెళ్లాక, పోలీసులు పక్కింట్లో సోదా చేస్తున్నారని తెలిసింది. సూరమ్మ పుస్తకాలు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. అత్తగారు రావడం చూసి, ఇవాళ ఇవి పొయ్యి పాలే అనుకుంది. వరహాలమ్మ వసారాలో చాప పరిచింది.

"ఓలే, అయి కింద పెట్టీసి పైన కూకో. నువ్వు బయట సేరినావు."

"లేదత్తా, ఇంకా..."

"నాను సేరినావంటే సేరినావంతే!"

పోలీసు జమాదారు ఇంట్లో బియ్యం డబ్బా దాకా అన్నీ వెతికి వసారాలోకి వచ్చాడు. అతని నుదుట పచ్చి గంధం బొట్టు. వరహాలమ్మ తనకొచ్చిన బజారు హిందీలో, కోడలు ముట్టయి కూర్చుందనీ, తాకితే తాకమనీ, ఆపైన గుడి మెట్టు మాత్రం ఎక్కొద్దనీ చెప్పింది. జమాదారు "రామ్ రామ్" అంటూ వెనక్కి తిరిగాడు.

అబద్ధం ఆడితే చాలదు, నడపాలి కూడా. ఇరుగుపొరుగు కళ్లకోసం మూడు రోజులూ వరహాలమ్మే వండింది, తిడుతూ దూరంనించి వడ్డించింది. నాలుగో రోజున తలంటుకుని లోపలికొచ్చిన కోడలు మర్నాడే నిజంగా బయట చేరింది! వరహాలమ్మ నెత్తి కొట్టుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి నడిచింది.

మధ్యాహ్నం అత్తగారు పని ముగించి వసారాలోకి వచ్చేసరికి సూరమ్మ ఆగలేకపోయింది.

"కన్నతల్లి కూడా నాకింత చెయ్యలేదత్తా. నీ రుణం ఎలా తీర్చుకోను?" అని ఏడ్చేసింది.

వరహాలమ్మ వచ్చి అదే చాప మీద, కోడలి పక్కనే చతికిలబడింది. సూరమ్మ అదిరిపడింది.

"అత్తా! నన్ను తాకేశావు!"

"తెలుసులేయే, తరవాత తానం సేస్తాను. అంతమంది పోలీసోలు కాయితాలకి బయపడతన్నారంటే అందులో ఏదో ఉంది. సదువు."

సూరమ్మ కళ్లు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. ఒక పుటైనా పూర్తవలేదు.

"ఆగాగు. ఆడెవడో రాసీసినాడని ఒప్పీసుకుంటామేటి? నానలాగనుకోను" అంది వరహాలమ్మ.