త్రినాథరావు గారి మొదటి మాట

ఎవరు ఏ కంప్యూటర్ తెచ్చి ముందు పెట్టినా త్రినాథరావు గారి నోట మొదట వచ్చే మాట ఒకటే: "ఆశ పెట్టుకోకండి."

స్టీల్ ప్లాంటులో ముప్పైయేళ్లు కంప్యూటర్లు బాగుచేసి రిటైరయ్యాక, గాజువాకలో కనకరత్నం నడిపే నెట్ సెంటర్లో ఓ మూల బల్ల వేసుకున్నారాయన. వైరు ఊడిన మౌస్‌కీ అదే మాట. సింహాచలం క్యూలో ముందున్నావిడ "దర్శనం ఎంతసేపండీ?" అని అడిగితే అదే మాట, పాపం, ఆవిడ ప్రసాదం కొనుక్కుని ఇంటిదారి పట్టింది. సొంత కొడుకు పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి "సంబంధం ఖాయమేనాండీ?" అంటే నోరు జారారు. తెగిన సంబంధాన్ని మళ్లీ అతికించడానికి ఇంట్లోవాళ్లకి నెల పట్టింది.

తమాషా ఏమిటంటే, ఆయన వదులుకోమన్న వాటిలో పదికి తొమ్మిది మర్నాటికల్లా బతికొచ్చేవి.

"మరెందుకండీ జనాన్ని ఏడిపిస్తారు?" అనేది కనకరత్నం.

"ఈ రోజే ఏడ్చేస్తే రేపు కొత్తగా ఏడవక్కర్లేదు కదండీ."

ఓ సోమవారం పొద్దున కనకరత్నం కంప్యూటరే పడిపోయింది. అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక నీలం తెర, దానిమీద ఏడుపు మొహం బొమ్మ.

"ఆశ పెట్టుకోకండి," అన్నారు త్రినాథరావు గారు.

సరిగ్గా అప్పుడే యారాడ నుంచి గంగాలమ్మ వచ్చింది. ఆమె మొగుడు జగ్గయ్య వేటకెళ్లిన బోటు సరిహద్దు దాటిందని పరాయి దేశం వాళ్లు పట్టుకుని తొమ్మిది నెలలైంది. అక్కడి జైల్లో ఉన్నాడు. విడిచిపెట్టేవాళ్ల జాబితా తయారవుతోంది. సాయంత్రం అయిదులోగా మత్స్యశాఖ ఆఫీసులో అతని గుర్తింపు కార్డు జిరాక్స్ ఇవ్వకపోతే పేరు ఎక్కదు. కార్డేమో బోటుతోపాటే పోయింది. నిరుడు దాన్ని స్కాన్ చేసింది ఈ కంప్యూటర్లోనే.

కనకరత్నం తెరవైపు చూపించింది.

గంగాలమ్మ గుమ్మంలోనే కూలబడింది. "ఆఫీసోల్లు ఆశెట్టుకోకన్నారు. మా మరిదీ అదే అన్నాడు. బోటు ఓనరూ అదే మాట. నాను ఏటి సెయ్యాల? మీరు సెప్పండి బాబూ, ఉన్నాదా, లేదా?"

రాబోయే మాట తెలిసి కనకరత్నం కళ్లు మూసుకుంది.

త్రినాథరావు గారు నోరు తెరిచారు. మూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పెట్టుకోండమ్మా," అన్నారు. "ఆశ. పెట్టుకోండి."

కనకరత్నం కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. పదేళ్లలో ఆయన అలా అనడం ఇదే మొదలు. ఇక ఫైలు రాదని తేలిపోయిందేమో అనుకుంది.

ఆయన డిస్కు ఊడదీసి తన మిషన్‌కి తగిలించారు. అసలుదాన్ని కెలికితే ఉన్నదీ చెరిగిపోతుందని ముందు మొత్తం కాపీ తీసి, ఆ కాపీ మీద పరీక్ష నడిపారు. మధ్యాహ్నం రెండింటికి ఫైళ్లు బయటపడ్డాయి. ఆరువేల చిల్లర. ఒక్కదానికీ పేరు లేదు; అన్నిటికీ ఖైదీల్లా అంకెలే.

"పేర్ల పట్టీ చెడిపోయింది," అన్నారు. "సరుకు ఉండొచ్చు."

క్యారేజీ విప్పలేదు. ఒక్కొక్కటే తెరిచారు. రేషన్ కార్డులు, హాల్ టికెట్లు, ఎవరిదో శుభలేఖ, మళ్లీ రేషన్ కార్డులు. మూడయింది. నాలుగూ దాటింది. గంగాలమ్మ ఆయన కుర్చీ పట్టుకుని నిలబడే ఉంది.

"ఆగు బాబూ! ఎనక్కి, ఎనక్కి!"

తలకిందులుగా పడ్డ కార్డు. అందులో మనిషి రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ఈడే! ఫొటో తీత్తే సాలు, కల్లు మూసేత్తాడు సచ్చినోడు!" నవ్వో ఏడుపో తెలియకుండా అరిచి, ప్రింటు లాక్కుని ఆటో ఎక్కేసింది.

కనకరత్నం మంచినీళ్లిచ్చింది. ఆయన గ్లాసు అందుకున్నారు.

"అంత ధైర్యంగా ఎలా చెప్పారండీ?"

"ధైర్యమా? పొద్దుట్నుంచీ గుండె దడే." నీళ్లు తాగి మూతి తుడుచుకున్నారు. "ఆ మాట చెప్పడానికి ఆవిడకి అంతమంది ఉన్నారు. మళ్లీ నేనెందుకండీ?"

అయిదు నెలలకు జగ్గయ్య వచ్చాడు, సగం మనిషై. ఇద్దరూ వచ్చి బల్లమీద ఓ ఫోను పెట్టారు. ఊళ్లో దిగిన వారానికే సముద్రంలో పడేసుకున్నాడట. త్రినాథరావు గారు దాన్ని తిరగేస్తే ఉప్పునీళ్లు కారాయి.

"ఆశ పెట్టుకోకండి."

జగ్గయ్య మొహం వాడిపోయింది. ఆ మాట సంగతి కనకరత్నం దగ్గర ఎప్పుడో విన్న గంగాలమ్మ మాత్రం కొంగు దోపుకుని లేచింది.

"రా మావా. రేపొచ్చి పట్టికెల్దాం."