పళ్లతో విన్న మోత

భూమి తిరుగుతూ తిరుగుతూ ఇరుసు దగ్గర కిర్రుమంటే, ఆ కిర్రు ఏ నట్టు దగ్గర పుట్టిందో చెప్పగలిగే మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆవిడ మా అమ్మమ్మ. నమ్మకపోతే మానేయండి. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాడి మాట మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు.

కాకపోతే ఈ మధ్య ఆవిడ కుడి చెవి పూర్తిగా మూతపడింది. ఎడమ చెవి ఇష్టమైనప్పుడు తెరుచుకుంటుంది, ముఖ్యంగా ఎవరైనా తన గురించి మాట్లాడుకుంటున్నప్పుడు.

ఇరవై రెండేళ్లు ఆవిడ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. అది మూసేశాక తమ్ముడి రిపేరు షాపులో కిటికీ పక్క బల్ల దగ్గర కుదురుకుంది. ఆ బల్ల మీద ఇంకెవరైనా టీ గ్లాసు పెడితే ఊరుకోదు.

ఆ తమ్ముడే, అంటే మా చిన్నతాత, ఒక ఉదయం గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మోతలు పట్టుకునే పనికి చెవులుండాలి కదా. ఈ నెలతో చాలించి ఇంటిపట్టున ఉండు. ఆ బల్ల దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసేవాణ్ని కూర్చోబెడతా."

ఆ మాట మాత్రం అమ్మమ్మకు బాగానే వినబడింది. "ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలిరా? గోడలకు కాపలా కాయాలా?"

"కోప్పడకే."

"కోపమేం లేదు. ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు."

సరిగ్గా అప్పుడే పాటల పంతులమ్మ చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక ట్యూబుల ఆంప్లిఫయర్‌ను రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది. నలభై ఏళ్ల క్రితం వాళ్ల నాన్న కొన్నదట.

"పిల్లలు నోరు తెరవకముందే ఇది రాగం అందుకుంటోందండీ. అదీ అపశ్రుతి! మూడు షాపులు తిరిగాను. ట్యూబులు మార్చారు, కెపాసిటర్లు మార్చారు. మోత మాత్రం పోలేదు. పారేసి కొత్తది కొనుక్కోమంటున్నారు."

చిన్నతాత స్విచ్ వేసి, స్పీకరుకు చెవి ఆనించి, "మళ్లీ కెపాసిటర్లే అనుకుంటా" అన్నాడు.

"అవి మార్చారటగా! వాళ్లు పప్పులో కాలేసిన చోటే నువ్వూ వేస్తావేం? జరుగు."

అమ్మమ్మ స్విచ్ ఆపి స్పీకరు తీగలు విప్పింది. ట్యూబుల ఆంప్లిఫయర్‌ను స్పీకరు లేకుండా ఊరికే నడిపితే పాడైపోతుంది. అందుకని స్పీకరు చోట ఒక లావుపాటి రెసిస్టరు తగిలించి మళ్లీ స్విచ్ వేసింది.

"ఏమంటోందిరా?"

"గూం అంటోందక్కా. స్పీకరు లేకుండానే!"

"మరి స్పీకరుకు చెవి పెట్టి ఏం విన్నావు? ఇది గొంతులోంచి వచ్చే మోత కాదురా, ఒంట్లో వణుకు."

ఆవిడ సొరుగులోంచి ఒక ఎండు వెదురుపుల్ల తీసింది. ఒక కొన పళ్లతో కరిచిపట్టి, రెండో కొనను పెట్టె మీద ఒక్కో చోట ఆనిస్తూ పోయింది. చెవులు చేతులెత్తేశాయి గానీ, పళ్లన్నీ సొంతవే. పుల్ల మీదుగా వణుకు పళ్లకు, పళ్ల నుంచి దవడ ఎముకకు ఎక్కుతుంది. చెవి తలుపు తట్టే పని లేకుండా మోత దొడ్డిదారిన తలలోకి వెళ్లిపోతుందన్నమాట. పంతులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది.

మూలనున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప రేకుల మీద పుల్ల ఆనగానే అమ్మమ్మ కళ్లు మూసుకుంది. "దొరికాడు దొంగ!"

కరెంటు పారుతున్నంతసేపూ ఆ రేకులు వణకాలని చూస్తాయి. బిగించి కడితే కిక్కురుమనవు. వదులైతే తోటికోడళ్లలా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ప్లగ్గు పీకి, బోల్టులు బిగించి, మళ్లీ పెట్టి చూసింది. మోత సగం తగ్గింది, పోలేదు. మళ్లీ ప్లగ్గు పీకి, లోపల నిలవున్న కరెంటు ఖాళీ చేసి, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊడదీసింది. మూత తీయగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

తీగ చుట్టిన కాగితం మీద పెన్సిలుతో పదిహేడు అంకె వేసి ఉంది. ఫ్యాక్టరీలో అమ్మమ్మ నంబరు అదే. రేకుల పక్క సందులో నాలుగు మడతలు పెట్టి దూర్చిన ఎర్ర అట్టముక్క, ఎండి, కుంచించుకుపోయి ఉంది.

ఆ అట్ట ఆవిడకు బాగా గుర్తు. ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళితే గేటు దగ్గర ఎర్ర చీటీ ఇచ్చేవారు. సాయంత్రం దాన్ని ఆఫీసులో అప్పగించాలి. మూడు చీటీలైతే ఉద్యోగం ఊడినట్టే. ఆ రోజు మా అమ్మకు జ్వరం, అమ్మమ్మ చేతిలో మూడో చీటీ. బల్ల మీద చూస్తే రేకులు రెండు తక్కువపడ్డాయి. చీటీని మడిచి ఆ సందులో దూర్చేసింది. ఒక దెబ్బకు రెండు పిట్టలు! ఆఫీసు గుమాస్తా మతిమరుపు మనిషి, అడగనే లేదు.

చిన్నతాత టీ చెప్పడానికి గుమ్మం బయటికి వెళ్లాడు. అమ్మమ్మ అట్టను తీసి గుప్పెట మూసింది. ఇది బయటపడితే చెవులతో పాటు చేతుల మీదా తమ్ముడికి నమ్మకం పోతుంది. బల్ల పోతుంది. గుప్పెట చాలాసేపు అలాగే ఉంది. చిన్నతాత తిరిగి వచ్చాక తెరిచి, అట్టను బల్ల మీద పెట్టింది.

"అమ్మాయ్, ఇది చుట్టింది నేనే. రేకులు పెట్టాల్సిన చోట, ఆలస్యంగా వచ్చానని ఇచ్చిన మూడో ఎర్ర చీటీ మడిచి పెట్టాను. నిన్ను మూడు షాపులు తిప్పింది నేనే."

పంతులమ్మ అట్టముక్కను వేలితో అటూ ఇటూ తిప్పి చూసింది. "నలభై ఏళ్లు పాడింది కదా పెద్దమ్మా! ఆ అట్టకి మాత్రం ముసలితనం రాదా?"

చిన్నతాత మాత్రం ఎగిరి గంతేశాడు. "పది నిమిషాలు ఆలస్యమైతే నా చెవి మెలేసేదానివి. నీకు మూడు ఎర్ర చీటీలా!"

"మూడే. నాలుగోది ఇవ్వలేకపోయారు."

అమ్మమ్మ ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి రెండు రేకులు తీసి సందులో దిగగొట్టింది. వార్నిష్ పట్టించి బోల్టులు బిగించింది. పంతులమ్మ మళ్లీ వచ్చాక స్విచ్ వేశారు. చిన్నతాత పెట్టెకు చెవి ఆనించాడు. చప్పుడు లేదు. వెదురుపుల్ల తీసుకుని తనూ కరిచి చూశాడు. పంతులమ్మ మైకు ముందు ఒక పాట ఎత్తుకుంటే, ఆవిడ గొంతు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"మా అక్క ఇంట్లో ఇలాంటిదే ఇంకోటి మోత పెడుతోంది పెద్దమ్మా."

"పట్టుకురా. నా నంబరుందేమో చూద్దాం."

చిన్నతాత పుల్లను జాగ్రత్తగా సొరుగులో పెట్టాడు. "సెల్‌ఫోన్లవాణ్ని గుమ్మం పక్కన కూర్చోబెడతాలే అక్కా. అక్కడా వెలుతురు బాగానే ఉంటుంది."

"మరి ఈ బల్ల?"

"నీదేనే తల్లీ! నన్ను కరవకు."

ఇదంతా రాసి, మెచ్చుకుంటుందని ఎడమ చెవి దగ్గర గట్టిగా చదివి వినిపించాను. అమ్మమ్మ చివరిదాకా వింది.

"వార్నిష్ ఆరడానికి రెండు రోజులు ఆగానని ఎక్కడ రాశావురా? నీ కథ చదివి ఎవడైనా తడి మీద కరెంటు పెడితే నువ్వెళ్లి ఆర్పుతావా? ముందు అది రాయి."