అత్తామామలతో సముద్రపుటొడ్డు రిసార్టుకు

అత్తగారి ముందు అల్లుడు ఎన్ని రకాలుగా పరువు పోగొట్టుకోవచ్చో అన్ని రకాలుగానూ నేను ఒక్క రోజులోనే పోగొట్టుకున్నాను. అదీ సముద్రం ఒడ్డున, చల్లటి గాలిలో, చేతిలో కొబ్బరిబొండం పట్టుకుని. ఆ కథ చెబుతాను, మీరు నవ్వుకోవచ్చు. మా ఆవిడ స్వప్న ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పటికి మా పెళ్లయి ఏడాది. ఆలేరు స్టేషన్ దగ్గర నాకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఊళ్లో ఎవరికి రైలు టికెట్ కావాలన్నా నా దగ్గరికే వస్తారు కాబట్టి, ఫోనులో నాకు తెలియని విద్య లేదని నా నమ్మకం. మా అత్తగారు నర్సమ్మకు మాత్రం నా మీద అంత నమ్మకం లేదు. వాళ్లది మహబూబ్‌నగర్ దగ్గరి పల్లెలో గొర్రెలు పెంచే కుటుంబం. మామ మల్లయ్య నలభై ఏళ్లుగా మంద వెంట నడిచిన మనిషి. "దినమంత ఫోన్ల మొకం పెట్టి కూసునేటోనికి పిల్లనిచ్చినం" అని అత్తమ్మ మా పెళ్లిలోనే అన్నదట. ఆవిడ నోట ఒక్కసారి 'మంచి అల్లుడు' అనిపించుకోవాలని నాకు పట్టుదల.

అమ్మానాన్నలు ఎన్నడూ సముద్రం చూడలేదని స్వప్న ఒకరోజు మాటల్లో అన్నది. ఇక నేను ఆగుతానా. ఫోనులో వెతికితే పడమటి తీరంలో ఒక గొప్ప రిసార్టు దొరికింది. దాని ఇంగ్లిష్ పేజీని ఫోనే తెలుగులోకి మార్చి పెట్టింది: "పెద్దలకు మాత్రమే. అన్నీ కలుపుకొని." మురిసిపోయాను. పెద్దలకు మాత్రమే అంటే వయసు మళ్లినవాళ్లు ప్రశాంతంగా ఉండే చోటు. అన్నీ కలుపుకొని అంటే ఇంటిల్లిపాదీ కలిసి రమ్మని. అలాంటి చోట సాయంత్రం భజన కూడా ఉండాలి కదా అని నాకు నేనే అనుకుని, ఉందనే అత్తమ్మకు చెప్పేశాను.

"నిజంగ భజన ఉంటదా అల్లుడా?"

"ఉంటది అత్తమ్మా. వచ్చేటోళ్లందరు మీ అసొంటి పెద్దమనుషులే."

ఆ ఒక్క మాటతో ఆవిడ బయలుదేరింది.

రిసార్టు గుమ్మంలోనే నలుగురి చేతులకూ మెరిసే పట్టీలు చుట్టారు. "గొర్ల చెవులకు బిళ్లలు ఏసినట్టు మనకు చేతులకు ఏసిన్రు. తప్పిపోయినా దొరుకుతం" అన్నాడు మామ సంతృప్తిగా. ఇంతవరకూ బాగానే ఉంది.

వాళ్ల గది తలుపు తీశాం. తెల్లటి పరుపు నిండా గులాబీ రేకులు, మధ్యలో తువ్వాళ్లతో చేసిన రెండు హంసలు ముక్కులు ఆనించుకుని ఉన్నాయి. అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"గిన్ని పూలు పోసిన్రు, గీ మంచం మీద ఎవలన్న పోయిన్రా?" అని అడిగింది.

అలంకారం అని చెప్పి రేకులన్నీ ఊడ్చేశాను. ఆలోగా ఆవిడ స్నానాల గది చూసింది. దానికీ మంచానికీ మధ్య ఉన్నది గోడ కాదు, అద్దం. ఆవిడ వెంటనే సంచిలోంచి చీర తీసి ఆ అద్దానికి అడ్డంగా కట్టింది. ముడి వేస్తూ నా వైపు చూసిన చూపుకు నేను అరచెయ్యంత అయిపోయాను.

సాయంత్రం ఈతకొలను దగ్గరికి వెళ్లాం. అక్కడ ఉన్నవాళ్లంతా పడుచు జంటలు. అందరి ఒంటి మీది బట్టా కలిపితే మా మామ తలపాగాకు సరిపోదు. అత్తమ్మ కుర్చీని వెనక్కి తిప్పుకుని గోడకేసి కూర్చుంది.

"అల్లుడా, పెద్దమనుషులు ఏరి?"

"ఇంక రాలే అత్తమ్మా. పండుకున్నరేమో."

"భజన ఎప్పుడు మరి?"

నేను ఫోను తీసి రిసార్టు పేజీ తెరిచాను. స్వప్న నా ఫోను లాక్కుని ఆ పేజీని ఇంగ్లిష్‌లో చదివింది. తర్వాత నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"ముసలోళ్ల జాగా అని ఎవలు చెప్పిన్రు నీకు? చిన్నపిల్లలను రానియ్యరని గదా రాసింది. అన్ని కలిపి అంటె తిండి, తాగుడు అన్ని అండ్లనే అని. గిది కొత్త జంటలు వచ్చే జాగా."

"తాగుడు గూడనా?" అన్నాను. సరిగ్గా అప్పుడే మామ చాలాసేపటి నుంచి కనిపించడం లేదని నాకు గుర్తొచ్చింది.

ఇక దాచి లాభం లేదు. అత్తమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. "తప్పయింది అత్తమ్మా. నాకు సరిగ తెల్వకనే తోల్కొచ్చిన. భజన గిట్ట ఏం లేదు. మామను దొరకవట్టి రేపు పొద్దుగాల్నే పోదాం."

మామ దొరికాడు. కొలను మధ్యలో, నీళ్లలోనే కట్టిన బారు ముందు, నడుము లోతు నీళ్లలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పంచెలోకి గాలి చేరి చెరువులో వదిలిన బతుకమ్మలా చుట్టూ తేలుతోంది. చేతిలో గొడుగు గుచ్చిన గ్లాసు. పక్కనే కూర్చున్న బెంగళూరు జంటకు గొర్రెకు గాలికుంటు రోగం వస్తే ఏం చేయాలో చెబుతున్నాడు. వాళ్లకు తెలుగు రాదు. అయినా శ్రద్ధగా తలలూపుతున్నారు.

అత్తమ్మ లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. తిట్లు వినబడకపోయేసరికి మళ్లీ తెరిచాను. ఆవిడ కొలను గట్టు మీద నిలబడి మామనే చూస్తోంది.

"పిలువాల్నా అత్తమ్మా?"

"ఉండనీ" అంది మెల్లగా. "పెండ్లయినకాంచి గాయన గిట్ల నిమ్మలంగ కూసున్నది నేను సూడలే."

గట్టు మీదే కూర్చుని, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని పాదాలు నీళ్లలో పెట్టింది. మామ అక్కడి నుంచే గ్లాసు ఎత్తి చూపించాడు. "నిమ్మకాయ నీళ్లేనే, నీక్కూడ తెమ్మంటవా?" అని కేకేశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను, స్వప్న మాకు అక్కడ పనిలేదని అర్థమై సముద్రం వైపు నడిచాం.

మర్నాడు పొద్దున్నే సంచులు సర్దుకుని వాళ్ల గది తలుపు తట్టాను. "ఇంక రెండు దినాలు ఉన్నది గదా, గిప్పుడే ఎక్కడికి?" అంది అత్తమ్మ లోపలి నుంచే.

ఇంటికొచ్చాక వారానికి మామ ఫోన్ చేశాడు. అంతకుముందే అత్తమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మంచి అల్లుడు దొరికాడని చెప్పుకుందట. నా గుండె ఉప్పొంగింది.

"గందుకె అల్లుడా, మా తమ్ముళ్లు, బామ్మర్దులు, ఆళ్ల పెండ్లాలు అందరు తయారైన్రు. ముప్పై రెండు మంది. జర నువ్వే దగ్గరుండి తోల్కపోవాలె."

అందుచేత ప్రియమైన పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఎవరికీ రిసార్టులో గది తీయను. ఈ పదహారు గదులూ తీశాక.